మానేసిన మూడో రోజు

తాగిన పద్నాలుగేళ్ళలో నేను ఏనాడూ ఆసుపత్రిలో పడుకోలేదు. మానేసిన రెండో రోజు నన్ను నలుగురు మోసుకుపోయారు. ఇది రాయడానికి అదే కారణం. రోజూ తాగేవాడు ఎవరైనా, రేపటి నుంచి చుక్క ముట్టనని ఒట్టు పెట్టుకునే ముందు ఒకసారి డాక్టరు దగ్గరికి పోయి వస్తే చాలు. మానవద్దని నేను చెప్పడం లేదు. మానాలి. నేను మానేశాను. అయితే మానడానికి ఒక పద్ధతి ఉంది. అది తెలియక నేను చావుదాకా పోయి వచ్చాను.

నా పేరు సుధాకర్. మాది బేతంచెర్ల. నాపరాళ్ళ ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ మీద పని చేస్తాను. గని నుంచి వచ్చిన బండ మీద గీత గీసి, బ్లేడు కిందికి తోసి, నాలుగు అంచులూ సమంగా కోయాలి. పైనుంచి నీళ్ళు పడుతూ ఉంటాయి, రాతి బురద మోకాళ్ళదాకా చిమ్ముతుంది. చెయ్యి కొంచెం పక్కకు జరిగితే వేళ్ళు ఉండవు. అలాంటి పనికి తాగి పోతారా అని ఎవరైనా అడగవచ్చు. తాగకుండా పోలేని స్థితికి వచ్చాను నేను. నిద్ర లేచేసరికి చేతులు వణికేవి. ఒక నైంటీ లోపల పడితే పావుగంటకు నిలబడేవి. మధ్యాహ్నం అన్నానికి ముందు ఇంకొకటి. సాయంత్రం ఎంతనేది నాకే తెలియదు. సరదాకు తాగే రోజులు ఎప్పుడో పోయాయని, వణుకు ఆపడానికే తాగుతున్నానని నాకు తెలుసు. తెలిసినా దాన్ని జబ్బు అనుకోలేదు. బుద్ధి తక్కువతనం అనుకున్నాను. నా భార్య సువర్ణ కూడా అలాగే అనుకుంది.

మా అమ్మాయి శైలజ కర్నూలులో డిగ్రీ చదువుతోంది. ఒకరోజు కాలేజీలో తల్లిదండ్రుల మీటింగు ఉందని తెలిసి, నేను కూడా వస్తానన్నాను. "నువ్వు వద్దులే నాయనా, అమ్మ వస్తాది" అంది. కోపంగా అనలేదు. నేను బాధపడకూడదని మెల్లగా అంది. ఆ మెల్లగా అనడాన్ని నేను తట్టుకోలేకపోయాను.

పుష్య మాసం, మాల వేసుకున్న రోజు

ఆ యేడు శివరాత్రికి శ్రీశైలం పోయే వాళ్ళతో మాల వేసుకుంటానని నేనే పోయి గురుస్వామిని అడిగాను. ఆయన అసలు పేరు పుల్లయ్య. రైల్వే స్టేషన్ దగ్గర టీ హోటలు నడుపుతాడు. చాలా ఏళ్ళుగా మా వీధుల వాళ్ళకు శివమాల వేయించేది ఆయనే.

"నలభై ఒక్క దినాలు సుక్క ముట్టగూడదు. నీతో అయితాదా సుధాకరా?" అన్నాడు.

"ఆ తర్వాత గూడా ముట్టను స్వామీ" అన్నాను.

ముందు రోజు సాయంత్రం ఇదే ఆఖరుసారి అని తాగాను. పొద్దున మహానందిలో కోనేట్లో మునిగాం. చలికాలంలో ఆ నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. అందరూ హాయిగా మునిగి లేస్తున్నారు. నేను ఒక్కడినే పళ్ళు టకటకలాడిస్తూ వణుకుతున్నాను. గురుస్వామి మెడలో మాల వేస్తుంటే చల్లటి చెమట వీపు మీద కారుతోంది. భక్తి వల్ల అనుకున్నాను.

ఇంటికి వచ్చాక సువర్ణ నన్ను "స్వామీ" అని పిలవడం మొదలుపెట్టింది. మాల వేసుకున్నవాళ్ళను అలా పిలవడం మామూలే. కానీ ఆమె నోట నాకు మర్యాద వినిపించి ఎన్నో ఏళ్ళయింది. ఆ పిలుపు కోసమైనా ఈ నలభై ఒక్క రోజులు గడుపుతానని గట్టిగా అనుకున్నాను. ఆ రాత్రి కన్ను మూతపడలేదు.

రెండో రోజు తిన్న భిక్ష తిన్నట్టే బయటికి వచ్చేసింది. గుండె పరుగెత్తుతోంది. ఎవరైనా గిన్నె కింద పెట్టినా ఉలిక్కిపడుతున్నాను. మధ్యాహ్నం మా వీధి చివర వేసిన పందిట్లో పూజ జరుగుతోంది. గంట మోగింది. కర్పూరం వాసన వచ్చింది. నాకు గుర్తున్నది అంతే.

తర్వాత జరిగింది సువర్ణ చెప్పింది. నేను నిలబడినవాణ్ణి నిలబడినట్టే వెనక్కి పడి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నానట. నాలుక కొరుక్కుని నోటినిండా నెత్తురు. జనం గుమికూడారు. స్వామికి కోపం వచ్చిందని ఒకరన్నారు. దీక్షలో అపచారం జరిగి ఉంటుందని ఇంకొకరన్నారు. ఎవరో సువర్ణ వైపు తిరిగి, "ఇంట్లో ఏమన్నా మైల గాని తగిలిండాదేమో, గుర్తు తెచ్చుకోమ్మా" అన్నారు. మొగుడు కింద పడి కొట్టుకుంటుంటే సువర్ణ తన తప్పేమిటో వెతుక్కుంటూ నిలబడింది.

గురుస్వామి మాత్రం వాళ్ళను పక్కకు తోశాడు. "ఆయమ్మను యాల అడుగుతారప్పా? ముందు బండి చూడండి" అన్నాడట. బండలు మోసే ట్రాలీ ఆటోలో నన్ను వేసుకుని మా ఊరి ఆసుపత్రికి, అక్కణ్ణించి కారులో కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. దారి పొడుగునా నా తల ఆయన ఒళ్ళోనే ఉందట.

మూడో రోజు

మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా నాకు గుర్తు లేదు, ఇదీ సువర్ణ చెప్పిందే. మానేసిన తర్వాత అన్నిటికన్నా ప్రమాదం ఆ రోజుల్లోనేనని తర్వాత తెలిసింది. ఒళ్ళు కాలిపోయేది. ఎక్కడున్నానో తెలియదు. గోడల మీద చీమలు బారులు కట్టి పోతున్నాయని సువర్ణకు చూపించేవాణ్ణి. అన్నిటికంటే ఆమెను భయపెట్టింది ఇంకొకటి. నేను మంచం మీద కూర్చుని పని చేశాను. రెండు చేతులూ చాచి లేని బండను లేని బ్లేడు కిందికి తోయడం, వంగి అంచు చూసుకోవడం, మళ్ళీ ఇంకో బండ ఎత్తడం. గంటల తరబడి. సూదిమందు ఇస్తే కాసేపు పడుకుని మళ్ళీ లేచేవాణ్ణి. చేతికి పెట్టిన సెలైను సూది రెండుసార్లు ఊడివచ్చింది. సువర్ణ నన్ను పట్టి పడుకోబెట్టబోతే, "బ్లేడు తిరుగుతాండాది, చెయ్యి పెట్టాకు" అని గట్టిగా తోసేశానట. ఆమె గోడకు కొట్టుకుంది.

పక్క మంచం మీద కొడుకును పెట్టుకుని ఖాసింబీ అనే ముసలామె ఉండేది. ఆమె లేచి వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది. నన్ను పట్టుకోలేదు, పడుకోమనలేదు. కాసేపు నేను చేసే పని చూసింది.

"మేస్త్రీ, ఇంగెన్ని బండలుండాయి?" అని అడిగింది.

"శానా ఉండాయి" అన్నానట.

"కరెంటు పాయె గదప్పా. మిషన్ ఆగిపాయె. చూడు, సప్పుడు లేదు."

నేను ఆగి విన్నానట. "ఎప్పుడొస్తాది?" అని అడిగాను.

"లైన్‌మ్యాన్‌ను అడిగినాలే. మాపటికి గాని రాదంట. అంతదాకా నడుం వాల్చు బిడ్డా."

నేను పడుకున్నాను. ఆమె నా అరికాళ్ళు రుద్దుతూ కూర్చుంది. ఆ తర్వాత నేను లేచినప్పుడల్లా సువర్ణ కూడా కరెంటు పోయిందనే చెప్పిందట. ఆరో రోజు నేను తెలివిలోకి వచ్చేసరికి పక్క మంచం మీద ఇంకెవరో ఉన్నారు. ఖాసింబీ కొడుకును వేరే వార్డుకు మార్చారన్నారు. నాలుగు అడుగులు వేయగలిగినప్పుడు పోయి వెతికాను, దొరకలేదు. నాకు ఆమె ముఖం తెలియదు. ఎదురుపడినా గుర్తుపట్టలేను. ఆమె నా ప్రాణం కాపాడిందని అనను, అది సూదిమందుల పని. కానీ అంతమందిలో నేనున్న చోటికి వచ్చి నాతో మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

ఆరో రోజు మెడ తడుముకుంటే మాల లేదు. గురుస్వామి చూడటానికి వచ్చాడు. ఫిట్సులో మెడకు బిగుసుకుంటుందని ఆసుపత్రి చేరగానే తానే తీసి దాచానన్నాడు.

"నేను ఓడిపోయినాను స్వామీ" అన్నాను.

"నువ్వు ఓడిపోవడమేంది? తప్పు నాది. ఎంత తాగుతాండావు, ఎన్నేండ్లుగా తాగుతాండావు అని అడక్కుండా మెళ్ళో మాలేసినాను. ఇంగ మీదట అడుగుతా" అన్నాడు. బత్తాయిలు తెచ్చాడు. వలిచి ఒక్కొక్క తొన నా చేతికిస్తూ, వణుకుతున్న నా చేతిని చూడనట్టు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

మాఘ మాసం, డాక్టరమ్మ గది

వార్డు నుంచి నన్ను మానసిక వైద్య విభాగానికి పంపారు. ఆ బోర్డు చూసి నా కాళ్ళు ఆగిపోయాయి. టవలు ముఖం మీదికి లాక్కున్నాను. బయట బెంచీల నిండా జనం. నా వయసాయన ఒకరు పక్కకు జరిగి చోటు చేసి, "కూర్చోప్పా. ఈడ ఎవరూ ఎవరినీ చూడరు" అన్నాడు. రెండు గంటలు అక్కడ కూర్చున్నాం. ఆయన చెప్పింది నిజమే. ఎవరి భయంలో వాళ్ళున్నారు.

డాక్టరమ్మ నా కంటే చిన్నది. సువర్ణతో లోపలికి పోగానే నేను అడిగిన మాట, "స్వామికి కోపం వచ్చిందా అమ్మా?" అని. ఆమె నవ్వలేదు. ఒక కాగితం తీసుకుంది.

"మీ మెదడులో రెండు రకాల రసాయనాలు ఉంటాయి. ఒకటి నెమ్మదించమని చెబుతుంది, ఇంకొకటి ఉరకమని చెబుతుంది" అంటూ గాబా, గ్లుటమేట్ అని రెండు పేర్లు రాసింది. "మందు తాగితే నెమ్మదించేదానికి బలం వస్తుంది. అదే మత్తు. మీరు పద్నాలుగేళ్ళు రోజూ తాగారు. నెమ్మది బయటినుంచే వస్తోంది కదా అని మెదడు తన సొంత నెమ్మదిని తగ్గించుకుంది. మత్తుకు ఎదురు నిలబడాలని ఉరికేదాన్ని పెంచుకుంది. ఒక్క పొద్దున మీరు మందు తీసేశారు. ఇంక ఆపేవాళ్ళు ఎవరు? వణుకు, చెమట, ఫిట్సు, గోడల మీద చీమలు, అన్నీ అందుకే. స్వామికి దీంతో పని లేదు."

వార్డులో నాకిచ్చిన సూదిమందులు, మాత్రలు ఆ నెమ్మదిని కొన్నాళ్ళు అరువిచ్చాయని, రోజుకు కొంచెం తగ్గిస్తూ ఆపేస్తే ఈలోపు మెదడు తన పని తాను మళ్ళీ నేర్చుకుంటుందని చెప్పింది. బి వన్ విటమిన్ సూదులు ఎందుకో కూడా చెప్పింది. తాగేవాడి ఒంట్లో అది నిల్వ ఉండదట, లేకపోతే జ్ఞాపకమే పోతుందట.

పద్నాలుగేళ్ళుగా నన్ను నేను తిట్టుకున్న తిట్లన్నీ ఆ కాగితం ముందు కొంచెం చిన్నవయ్యాయి. తప్పు నాది కాదని అనుకోలేదు. మొదటి గ్లాసు ఎత్తింది నేనే. కానీ బుద్ధి తక్కువకు వైద్యం లేదు, జబ్బుకు ఉంది. నాకు ఆ తేడా చాలు.

అప్పుడు డాక్టరమ్మ సువర్ణను అడిగింది. "ఇంతకుముందు ఈయనకు మాన్పించడానికి ఏదైనా మందు వాడారా?"

సువర్ణ కొంగు నలుపుతూ చెప్పింది. దసరా ముందు ఎవరో ఇచ్చిన పొడి నాకు తెలియకుండా పప్పులో కలిపిందట.

నాకు ఆ రోజు గుర్తుంది. సాయంత్రం రెండు గుటకలు తాగానో లేదో ముఖం మండిపోయింది, గుండె గొంతులోకి వచ్చింది, వాంతులతో ఊపిరాడక గోడకు ఆనుకుని కూలబడ్డాను. సరుకు కల్తీ అనుకున్నాను.

"ఆ పొడి తాగే మందుతో కలిస్తే విషమవుతుందమ్మా. తెలిసి, ఒప్పుకుని, మా చేతి కింద వాడేవాళ్ళున్నారు. తెలియకుండా పెడితే మనిషి పోవచ్చు" అంది డాక్టరమ్మ.

"సచ్చిపోతాడని తెల్దు మేడం. తాగి సస్తాడనే భయానికి పెట్టినా" అంది సువర్ణ.

ఇక్కడ ఒక నిజం రాయాలి. అది విన్నప్పుడు నాకు కోపం కంటే ముందు సంతోషం కలిగింది. తాగడానికి ఇంతకంటే మంచి కారణం దొరకదు. కట్టుకున్నదే విషం పెట్టిందని చెప్పుకుంటూ బతుకంతా తాగవచ్చు. ఆ సంతోషం నా ఒంట్లో వెచ్చగా పాకడం నాకు తెలిసింది. దాన్ని చూసి భయపడ్డాను. ఆ క్షణంలోనే నాకు ఈ జబ్బు పూర్తిగా అర్థమైంది. అది నాలాగే మాట్లాడుతుంది, నా కోపాన్ని అరువు తీసుకుంటుంది.

"డాక్టరమ్మా, నాకు చెప్పి ఇచ్చే మాత్రలు ఏమన్నా ఉంటే రాయండి" అన్నాను. సువర్ణ వైపు తిరిగి, "నువ్వే ఇయ్యి. ఈసారి నా చేతిలో పెట్టి ఇయ్యి" అన్నాను. ఆమె అక్కడే, డాక్టరు ముందే ఏడ్చింది.

నా కాలేయం వాచి ఉన్నందువల్ల దానికి భారం కాని మాత్రలు రాశారు. తాగాలనే యావను అణిచేవి. రోజుకు మూడు పూటలు, పూటకు రెండేసి. అవి మంత్రమేమీ కాదు. లోపల ఎవరో అరుస్తున్న గొంతును పక్క గదిలోకి మారుస్తాయి, అంతే. తలుపు వేసుకోవాల్సింది మనమే.

వైశాఖం, పత్తికొండ

రెండు నెలలు బాగా గడిచాయి. ఆకలి వేసింది. నిద్ర పట్టింది. సంగటి రుచి తెలిసింది. అప్పుడు నాకు బాగైపోయిందనిపించింది. బాగైనవాడికి మాత్రలెందుకని సువర్ణ ఇచ్చినవి నోట్లో పెట్టుకున్నట్టు పెట్టుకుని బయట ఉమ్మేయడం మొదలుపెట్టాను. వారం తర్వాత పత్తికొండలో మా చిన్నాయన మనవరాలి పెళ్ళికి ఒక్కణ్ణే పోయాను. ఒకడు గ్లాసు చేతిలో పెట్టాడు. వద్దనే మాట నోటిదాకా వచ్చింది. దాని వెనకే, ఒక్కటే కదా అనే మాట వచ్చింది. క్వార్టరు తాగాను.

పొద్దున లేచేసరికి నోరంతా చేదు. చేతులు చూసుకున్నాను. వణకలేదు. ఆ మాటే లోపలినుంచి వినిపించింది. చూశావా, ఏమీ కాలేదు, ఇంక అప్పుడప్పుడు తాగవచ్చు. నేను టిఫిను కూడా తినకుండా బస్టాండుకు పోయాను. బేతంచెర్ల పోలేదు. కర్నూలు బస్సెక్కాను. దిగి సువర్ణకు ఫోన్ చేశాను.

"నిన్న తాగినాను. మాత్రలు గూడా వారం నుంచి మింగలేదు. ఆసుపత్రి కాడ ఉండాను" అన్నాను.

అవతల గిన్నె దించిన చప్పుడు వినిపించింది.

"ఆడ్నే ఉండు. యాడికీ పోవాకు. నేను వస్తాండా" అంది.

డాక్టరమ్మ తిట్టలేదు. ఎంత తాగాను, ఎప్పుడు తాగాను, వణుకు ఉందా, ఇవే అడిగింది. "ఇంతకుముందు తాగిన మరుసటి రోజు ఎక్కడికి పోయేవారు?" అని అడిగింది.

"మందు షాపుకే" అన్నాను.

"ఈసారి ఇక్కడికి వచ్చారు. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టండి. ఎప్పుడు ఆపాలో మీరూ నేనూ కూర్చుని అనుకుందాం. మీకు మీరే ఆపొద్దు."

ఆ సాయంత్రం సువర్ణ, నేను రైల్లో ఇంటికి వచ్చాం. మా స్టేషన్లో దిగేటప్పుడు ఆమె, "నువ్వే ఫోన్ చేసినావు. ఇంగొకరు చెబితే తెలిసింది కాదు" అంది. అంతే అంది.

ఈ యేడు

అప్పటినుంచి చుక్క ముట్టలేదు. ఒట్లు పెట్టుకోవడం మానేశాను. పొద్దున లేచి ఈ పూట అనుకుంటాను. స్టేషన్ ఎదురుగా ఉన్న షాపు దారి వదిలి రైలు గేటు అవతలి నుంచి చుట్టు తిరిగి పనికి పోతాను. నడక ఎక్కువే, అయినా పోతాను. మొదట్లో ఫ్యాక్టరీ మేస్త్రీకి నేనే చెప్పాను, చెయ్యి కుదిరేదాకా నన్ను బ్లేడు మీద పెట్టవద్దని. వానాకాలం వచ్చేదాకా పాలిష్ అయిన బండలు కడిగి పేర్చాను. తర్వాత ఒకరోజు ఆయనే వచ్చి నా చేతులు రెండూ పట్టుకుని చూసి, మిషన్ దగ్గరికి పొమ్మన్నాడు. ఈసారి మాల వేసుకుంటామని వచ్చినవాళ్ళలో ఇద్దరిని గురుస్వామి ముందు కర్నూలు పంపాడు. వాళ్ళతో నేను పోయాను. బెంచీ మీద నేనూ పక్కకు జరిగి చోటు చేశాను.

సువర్ణకు ఒక అలవాటు ఉండేది. నేను ఎక్కడున్నా సాయంత్రం ఫోన్ చేసేది. వచ్చేటప్పుడు ఉప్పు తెస్తావా, అక్కడ కరెంటు ఉందా అని ఏదో ఒకటి అడిగేది. ఆమె అడిగేది ఉప్పు గురించి కాదు. నా నాలుక తడబడుతోందా లేదా అని వినడానికి. నాకది తెలుసు. తెలిసి, ప్రతి మాటా విడివిడిగా, బడిపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు పలికేవాణ్ణి. తాగడం మానేశాక కూడా చాలా నెలలు ఇద్దరం అలాగే మాట్లాడుకున్నాం.

పోయిన నెల జమ్మలమడుగులో ఆమె చెల్లెలికి ఆపరేషన్ అయితే సువర్ణ వారం రోజులకని పోయింది. ఇన్నేళ్ళలో నన్ను ఒంటరిగా వదిలి పోవడం అదే మొదలు. పొరుగువాళ్ళకు నన్ను చూసుకోమని చెప్పలేదు. మాత్రల డబ్బా నా చేతికిచ్చి పోయింది. మొదటి రోజు ఫోన్ రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు సాయంత్రం మోగింది. నేను గొంతు సవరించుకుని, మాటలు సిద్ధం చేసుకుని ఎత్తాను.

"ఇంటి కాడ వానొచ్చిందా? ఈడ బాగా పడింది" అంది.

రాలేదన్నాను, మబ్బు పట్టిందన్నాను. ఆమె తన చెల్లెలి గురించి చెప్పడం మొదలుపెట్టింది. కుట్లు విప్పారట, గంజి తాగుతోందట, మరిది సెలవు పెట్టలేదట. నడుమ నేనేదో చెప్పబోతే, "ఉండప్పా, నన్ను చెప్పనీ" అని తన మాట తాను చెప్పుకుంటూ పోయింది. చాలాసేపు చెప్పింది. ఆమె నా గొంతు వినడం లేదని నాకు కాసేపటికి గాని తెలియలేదు. నేను గోడకు ఆనుకుని కూర్చుని, ఆమె చెప్పేదంతా విన్నాను.